హాల్లో సబ్‌వూఫర్ ఉంది, సోఫాలో బాస్ లేదు: వైజాగ్ ఫ్లాట్లలో సెట్టింగ్ ఎలా?

వాల్తేరు_వీక్షకుడు (ఎంవీపీ కాలనీ)

అందరికీ నమస్కారం. మా హాలు 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, ఎత్తు 10 అడుగులు. టీవీ చిన్న గోడకి ఉంది. డెనాన్ 5.1 రిసీవర్, ముందు రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, సెంటర్, వెనక రెండు చిన్నవి పాతవే. ఈమధ్య 12 అంగుళాల పోర్టెడ్ (డబ్బాకి గాలి రంధ్రం ఉన్నది) పవర్డ్ (లోపలే ఆంప్ ఉన్నది) సబ్‌వూఫర్ తీసుకున్నాను. టీవీ యూనిట్ పక్కనే పెట్టి, ఒక ఆర్‌సీఏ కేబుల్‌తో కలిపి, ఆడిస్సీ (మైకుతో విని స్పీకర్లని సరిచేసే రిసీవర్ ప్రోగ్రాం) కూడా రన్ చేశాను.

వెనక డైనింగ్ టేబుల్ ఉండటంతో సోఫా హాలుకి సరిగ్గా మధ్యలో పడింది. అందులో కూర్చుంటే పేలుడు సీన్లలో కూడా ఆ బరువు తెలియదు. లేచి వెనక గోడకున్న వంటింటి గుమ్మం దగ్గర నిలబడితే ఛాతీ అదురుతుంది. మా ఆవిడ అక్కడి నుంచి సౌండ్ తగ్గించమంటుంది, నాకేమో సోఫాలో చాలదు. సినిమా పాటల్లో ఒకటి రెండు నోట్లు మాత్రం గుంయ్‌మని మోగుతాయి, మిగతావి పల్చగా ఉంటాయి. యూట్యూబ్ పాటలకైతే సబ్ అసలు పలకదు. కాసేపటికి లైట్ ఎర్రగా మారి నిద్రపోతుంది.

షాపులో విన్నప్పుడు ఇదే సబ్ అదిరిపోయింది. దీన్ని ఇచ్చేసి 15 అంగుళాలది తీసుకోమని కొందరంటున్నారు. ఇంకా డబ్బు పెట్టే ముందు మీ మాట వినాలని అడుగుతున్నాను.

కంచరపాలెం_కుర్రోడు (కంచరపాలెం)

అన్నా, వెనక వాల్యూమ్ నాబ్ పెంచి చూశారా? నాది 10 అంగుళాలే. సగం తిప్పితేనే కిటికీ అద్దాలు ఊగుతాయి.

సౌండ్_మేస్త్రి (సీతమ్మధార)

నాబ్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు గురూ. ఆ హాలుకి 12 అంగుళాల పోర్టెడ్ సబ్ ఏ రకంగానూ తక్కువ కాదు. వంటింటి గుమ్మం దగ్గర ఛాతీ అదిరిందంటే సబ్ ఇవ్వాల్సింది ఇస్తోంది. అది మీరు కూర్చున్న చోట వినపడటం లేదు, అంతే. 15 అంగుళాలది తెచ్చి అక్కడే పెట్టినా వంటింట్లో ఇంకా గట్టిగా మోగుతుంది, సోఫాలో మాత్రం ఇప్పటిలాగే ఉంటుంది.

రిసీవర్ మెనూలోకి వెళ్లి ఇవి చెప్పండి. ఫ్రంట్ స్పీకర్లు లార్జ్ అని ఉన్నాయా, స్మాల్ అని ఉన్నాయా? సబ్ లెవెల్ ఎంత వచ్చింది? సబ్ దూరం ఎంత చూపిస్తోంది? సబ్ వెనక నాబ్‌లు ఏవి ఎక్కడున్నాయి?

వాల్తేరు_వీక్షకుడు

చూశాను సార్. ఫ్రంట్స్‌ని ఆడిస్సీ 'లార్జ్' అని పెట్టింది. సబ్ లెవెల్ మైనస్ 12. దూరం 17 అడుగులు అంటోంది, టేపు పెట్టి కొలిస్తే 9 అడుగులే. సబ్ వెనక వాల్యూమ్ మూడొంతులు తిప్పి ఉంది, లో-పాస్ నాబ్ 80 దగ్గర, ఫేజ్ 0, పవర్ స్విచ్ ఆటోలో ఉంది. ఆ దూరాన్ని నేను 9 అని మార్చేయాలా?

సౌండ్_మేస్త్రి

దూరం ముట్టుకోవద్దు. సబ్ లోపల ఉన్న ఆంప్, ఫిల్టర్లు సిగ్నల్‌ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తాయి. ఆ ఆలస్యాన్ని రిసీవర్ అడుగుల్లోకి మార్చి చూపిస్తుంది. మిల్లీసెకనుకి ధ్వని అడుగు పైచిలుకు నడుస్తుంది కాబట్టి 9 కాస్తా 17 కావడంలో వింతేమీ లేదు. టేపు కొలత వేస్తే సబ్‌కీ ముందు స్పీకర్లకీ టైమింగ్ చెడుతుంది.

ఇక ఫ్రంట్స్. 'లార్జ్' అని ఉంటే ఆ స్పీకర్లే తమ బాస్ మొత్తం మోయాలి, సబ్‌కి ఏమీ పంపక్కర్లేదు అని రిసీవర్ అనుకుంటుంది. 5.1 సినిమాలో లోతు బాస్‌కి మాత్రమే ఎల్‌ఎఫ్‌ఈ అనే ట్రాక్ విడిగా ఉంటుంది, ఆ '.1' అదే. అది ఎలాగూ సబ్‌కే వెళ్తుంది. యూట్యూబ్ పాట స్టీరియో, అందులో ఎల్‌ఎఫ్‌ఈ ఉండదు. అందుకే మీ సబ్ సినిమాకి పలికి పాటకి పలకడం లేదు. స్పీకర్లన్నిటినీ మీ చేత్తో 'స్మాల్' చేసి క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కిందిది సబ్‌కి వెళ్లాలో చెప్పే అంకె) 80 హెర్ట్జ్ పెట్టండి. వెనక చిన్నవాటికి 100 గానీ 120 గానీ కావాల్సి రావచ్చు. 80 అన్నది టీహెచ్‌ఎక్స్ (సినిమా సౌండ్ ప్రమాణాలు పెట్టే సంస్థ) వాళ్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న అంకె. ఆ కిందికి వెళ్తే శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవికి పట్టడం కష్టం, కాబట్టి సబ్ ఏ మూలన ఉన్నా టీవీ దగ్గరి నుంచే వస్తున్నట్టుంటుంది. మెనూలో 'ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్' అని ఇంకో ఆప్షన్ కనిపిస్తుంది. ఎక్కువ బాస్ వస్తుందని చాలామంది అది వేస్తారు. ఒకే బాస్ మూడు చోట్ల నుంచి వచ్చి ఒకదాన్నొకటి కొట్టుకుంటుంది, వద్దు. యమహా వాడేవాళ్లకి 'ఎక్స్‌ట్రా బాస్' అన్నది ఇంచుమించు అదే పని చేస్తుంది.

సబ్ వెనక లో-పాస్ నాబ్‌ని (పై శబ్దాలని కోసేది) పెద్ద అంకె వైపు చివరికంటా తిప్పేయండి, ఎల్‌ఎఫ్‌ఈ అనే స్విచ్ ఉంటే అది వేయండి. క్రాసోవర్ పని రిసీవర్ చేస్తున్నప్పుడు సబ్ కూడా 80 దగ్గర కోస్తే రెండు కోతలు పడి స్పీకర్లకీ సబ్‌కీ మధ్య గుంట మిగులుతుంది. రిసీవర్‌లో 'ఎల్‌పీఎఫ్ ఫర్ ఎల్‌ఎఫ్‌ఈ' అన్నది 120 దగ్గర వదిలేయండి.

మైనస్ 12 అన్నది మీ రిసీవర్ తగ్గించగలిగిన చిట్టచివరి మెట్టు. సబ్ వాల్యూమ్ మూడొంతులు ఉండేసరికి అది తగ్గిస్తూ తగ్గిస్తూ అక్కడ ఆగిపోయింది. ఇంకా ఎంత తగ్గించాలనుకుందో మనకి తెలియదు. పైగా కేబుల్‌లో వచ్చే సిగ్నల్ నీరసంగా ఉంటే సబ్‌లోని ఆటో సర్క్యూట్ దాన్ని గుర్తుపట్టదు, నిద్రపోతుంది. సబ్ నాబ్‌ని సగానికన్నా కిందికి దించి ఆడిస్సీ మళ్లీ రన్ చేయండి. లెవెల్ మైనస్ 6కీ 0కీ మధ్య ఎక్కడ వచ్చినా బాగున్నట్టే. అప్పుడు నిద్ర సమస్య కూడా దాదాపు పోతుంది.

మైకూ_గ్రాఫూ (మద్దిలపాలెం)

మేస్త్రి గారు చెప్పినవన్నీ చేయాల్సిందే. అయితే సోఫాలో లోతు బాస్ లేకపోవడం మెనూలో తీరే సమస్య కాదు. అది హాలు కొలతల్లో ఉంది. ఆయన ఇచ్చిన కొలతలు చూడగానే లెక్క వేయాలనిపించింది.

ధ్వని సెకనుకి సుమారు 1130 అడుగులు వెళ్తుంది. అందులో సగం, 565ని గది పొడవుతో, అడుగుల్లో, భాగిస్తే ఆ దిక్కున పుట్టే మొదటి ప్రతిధ్వని (గోడల మధ్య అల నిలబడి గట్టిగా మోగడం, రెజొనెన్స్) ఫ్రీక్వెన్సీ వస్తుంది. 16 అడుగులకి 35 హెర్ట్జ్. 11 అడుగులకి 51. ఎత్తు 10 అడుగులకి 56. 35 హెర్ట్జ్ అల పొడవు 32 అడుగులు, హాలు దానికి సరిగ్గా సగం. ఆ అల టీవీ గోడకీ వెనక గోడకీ మధ్య నిలబడిపోతుంది. బకెట్లో నీళ్లని ఇటూ అటూ ఊపితే అంచుల దగ్గర లేచి పడతాయి, మధ్యలో మట్టం కదలదు. మీ సోఫా ఆ కదలని చోట ఉంది. వంటింటి గుమ్మం అంచున ఉంది.

ఇంకోటి గమనించండి. దాని రెట్టింపు 70 హెర్ట్జ్ దగ్గర రెండో ప్రతిధ్వని ఉంటుంది. అది తిరగబడి హాలు మధ్యలోనే గట్టిగా మోగుతుంది. పాటల్లో ఒకటి రెండు నోట్లే గుంయ్‌మంటున్నాయని మీరన్నది బహుశా అదే. అడుగున 35 లేదు, పైన 70 ఎక్కువ. ఎవరు విన్నా సబ్ బాగాలేదనే అనుకుంటారు.

ఇలా ఒక ఫ్రీక్వెన్సీ వినపడకుండా పోయిన గుంటని ఈక్వలైజర్‌తో (ఈక్యూ) పూడ్చలేం. 35 దగ్గర 10 డీబీ (డెసిబెల్) పెంచమంటే ఆంప్ పది రెట్లు పవర్ పెట్టాలి. అంతా పెట్టినా ఆ చోట రెండు వైపుల నుంచి వచ్చిన అలలు మళ్లీ రద్దయిపోతాయి. మిట్టలని, అంటే ఎక్కువగా మోగేవాటిని, కొయ్యడానికి ఈక్యూ బాగా పనికొస్తుంది. గుంటకి మాత్రం మనిషో సబ్‌వూఫరో జరగాలి.

డైనింగ్ టేబుల్‌ని కొంచెం వెనక్కి నెట్టి సోఫాని 2 అడుగులైనా వెనక్కి తీసుకోగలరా? టీవీ గోడ నుంచి 10 అడుగుల దగ్గరికి వస్తే 35 తిరిగి వినపడటం మొదలవుతుంది.

వాల్తేరు_వీక్షకుడు

2 అడుగులు కుదురుతుంది. మరి సబ్ ఎక్కడ పెట్టాలి? మూలన పెడితే బాస్ ఎక్కువని విన్నాను.

మైకూ_గ్రాఫూ

మూలన ఎక్కువే వస్తుంది, అన్ని ప్రతిధ్వనులనీ మూల గట్టిగా లేపుతుంది. ఎక్కువ రావడం, సమానంగా రావడం వేరు వేరు. ముందే ఇక్కడ పెట్టండి అని నేను చెప్పను, మీ బాల్కనీ తలుపు, వంటింటి గుమ్మం అన్నీ లెక్కలోకి వస్తాయి. దీనికి పాత పద్ధతి ఒకటుంది, ఖర్చు లేదు.

సబ్‌ని తీసుకొచ్చి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి. సోఫా మెత్తగా ఉంటే పలక వేసి దాని మీద పెట్టండి. బాస్ గిటార్ నోట్లు మెట్లు మెట్లుగా ఎక్కి దిగే పాట ఏదైనా రిపీట్‌లో వేయండి. ఇప్పుడు మీరు సబ్ పెట్టడానికి వీలున్న చోట్లన్నీ మోకాళ్ల మీద తిరుగుతూ, తలని సబ్ ఎత్తులో ఉంచి వినండి. ఒక చోట కొన్ని నోట్లు మింగేసినట్టుంటాయి, ఇంకో చోట గుంయ్ అంటాయి. ఎక్కడైతే అన్ని నోట్లూ ఒకే బరువుతో విడివిడిగా వినపడతాయో అక్కడ చాక్‌పీస్‌తో గీత పెట్టండి. సబ్ అక్కడికి, మీరు సోఫాకి. వినేవాడూ మోగేదీ చోట్లు మార్చుకున్నా మధ్యలో గది చేసే మార్పు ఒకటే, అందుకే ఇది పని చేస్తుంది.

మీ హాలుకి నా ఊహ, టీవీ గోడ నుంచి 4 అడుగుల దూరంలో పక్క గోడకి ఆనించి చూడండి. పొడవులో పావు వంతు దగ్గర పెడితే ఆ 70 హెర్ట్జ్ ప్రతిధ్వని లేవదు.

పాతపాట (అక్కయ్యపాలెం)

ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి. పోర్టెడ్ సబ్ తీసుకోవడమే ఈ గుంయ్‌మనడానికి కారణం అని నా నమ్మకం. రంధ్రం లేని సీల్డ్ డబ్బా అయితే మృదంగం తొప్పి మీద దెబ్బ ఎక్కడ పడి ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. పోర్టు ఉన్నవాటిలో దెబ్బ సాగుతుంది. మీరంతా సినిమా పేలుళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఇంట్లో సబ్ రోజూ ఎక్కువసేపు మోగేది పాటలకే.

సౌండ్_మేస్త్రి

పాటల గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను సార్. పోర్టు మీద నేరం మోపడం మాత్రం ఒప్పుకోను. సీల్డ్ సబ్ కింది ఫ్రీక్వెన్సీల్లో మెల్లగా, ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైనప్పుడల్లా) 12 డీబీ చొప్పున తగ్గుతుంది. పోర్టెడ్ అయితే ట్యూనింగ్ (పోర్టు మోగే ఫ్రీక్వెన్సీ) దాకా గట్టిగా ఇచ్చి, ఆ కింద ఆక్టేవ్‌కి 24 డీబీ చొప్పున పడిపోతుంది. దాని గుణం ఏదైనా వినపడేది ఆ ట్యూనింగ్ చుట్టూ, అంటే మంచి సబ్‌లలో 20 హెర్ట్జ్ ప్రాంతంలో. ఆయనకి మోగుతున్నది 70 దగ్గర. ఆ చోట పోర్టు చేసే పని దాదాపు ఏమీ లేదు. గదిలో సాగిపోతున్న నోటుకి డబ్బాని తిట్టి లాభం లేదు. వైట్రిఫైడ్ టైల్స్, సిమెంటు గోడలు, ఆర్‌సీసీ స్లాబ్ ఉన్న మన హాళ్లలో బాస్‌ని పీల్చే వస్తువంటూ ఏదీ ఉండదు. తివాచీ, గుడ్ల ట్రే ఫోమ్ పై శబ్దాలకే గానీ 32 అడుగుల అలని ఏమీ చెయ్యలేవు.

పాతపాట

సరే, ఆ లెక్క ఒప్పుకుంటున్నాను. గది సరిగ్గా కుదిరాక రెండూ పక్కపక్కన విని చూడాలి. నాదొక సందేహం. నా దగ్గరున్నది పాత స్టీరియో ఆంప్, దానికి సబ్ అవుట్ లేదు. నేను సబ్ వాడలేనా?

సౌండ్_మేస్త్రి

హాయిగా వాడొచ్చు. స్పీకర్ వైర్లు తగిలించుకునే హై-లెవెల్ ఇన్‌పుట్ ఉన్న సబ్ తీసుకోండి. ఆంప్ స్పీకర్ టెర్మినల్స్ నుంచే ఇంకో జత వైర్లు సబ్‌కి లాగితే సరి. సబ్ ఆ వైర్ల నుంచి సిగ్నల్ మాత్రం తీసుకుంటుంది, ఆంప్ మీద భారం పడదు. మీకైతే సబ్ మీది లో-పాస్ నాబ్ ముఖ్యం, ఎందుకంటే కోసే రిసీవర్ లేదు. స్పీకర్లు ఎక్కడ తగ్గడం మొదలవుతాయో అక్కడికి, 50, 60 హెర్ట్జ్ ప్రాంతంలో పెట్టండి. సబ్ ఆపినప్పుడు ఏదో పోయిందే అనిపించాలి, వేసినప్పుడు సబ్ ఉందని తెలియకూడదు. ఫేజ్ స్విచ్ (సబ్ అలని తలకిందులు చేసేది) 0లోనూ 180లోనూ మార్చి, కుర్చీలో బాస్ ఏది నిండుగా ఉంటే అది ఉంచేయండి.

మూడో_అంతస్తు (మధురవాడ)

నేను అన్నీ చదువుతున్నాను. ఎవరూ కింది ఇంటివాళ్ల సంగతి ఎత్తలేదు. మా కింద ఒక పెద్దాయన, ఆవిడ ఉంటారు. ఒక రాత్రి మా వాళ్లు సినిమా చూస్తుండగా నేను కిందికి వెళ్లి వాళ్ల పడకగదిలో తలుపు వేసి కూర్చున్నాను. మాటలు ఒక్కటి కూడా వినపడలేదు. డుబ్ డుబ్ అనేది మాత్రం మంచం కోడు మీద చెయ్యి పెడితే తెలిసింది. నిద్రపట్టని వయసులో వాళ్లకి అది ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది. సబ్ కింద పెట్టే ఫోమ్ ప్యాడ్లు అమ్ముతున్నారు, వాటితో పోతుందా?

మైకూ_గ్రాఫూ

మేడం, మీరు కిందికి వెళ్లి విన్నది మేమందరం చేయాల్సిన పని. ప్యాడ్లు కొంత మేలు చేస్తాయి, ముఖ్యంగా టైల్ మీద సబ్ గడగడలాడుతుంటే. కానీ ఆర్‌సీసీ స్లాబ్‌ని కదిలించేది ఎక్కువగా గాల్లోని బాస్ ఒత్తిడే. ప్యాడ్ దాన్ని ఆపలేదు.

రాత్రికి చేయదగ్గవి వేరే ఉన్నాయి. సబ్ లెవెల్ 5, 6 డీబీ దించండి. ఆడిస్సీలో డైనమిక్ ఈక్యూ అనేది సౌండ్ తగ్గించినకొద్దీ బాస్‌ని పైకి లేపుతుంది, రాత్రి పూట దాన్ని ఆపేయండి, లేదా రిఫరెన్స్ ఆఫ్‌సెట్ 15 చేయండి. డైనమిక్ వాల్యూమ్ గానీ, డాల్బీ నైట్ మోడ్ గానీ వేస్తే పేలుళ్లు తగ్గి మాటలు పైకి వస్తాయి. కొన్ని పై మోడళ్లలో ఆడిస్సీ ఎల్‌ఎఫ్‌సీ అని ఉంటుంది, పక్కింటికి పోయే లోతు బాస్‌ని తగ్గించడానికే పెట్టారు. ఇంకో ఉపాయం, సబ్‌ని సోఫాకి బాగా దగ్గరగా, వెనకనే పెట్టడం. మీకు దగ్గరగా ఉంటే చాలా తక్కువ లెవెల్‌తోనే సరిపోతుంది, ఇల్లంతా నింపక్కర్లేదు.

ఫోన్‌లో డీబీ యాప్ చూసి తక్కువే ఉంది కదా అనుకోవద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డీబీ అని ఉంది, కానీ అది 'ఎ' వెయిటింగ్‌లో, అంటే చెవికి వినపడే తీరుని బట్టి కింది శబ్దాలని తగ్గించి లెక్కించే పద్ధతిలో. 'ఎ' వెయిటింగ్ 31.5 హెర్ట్జ్‌ని 39 డీబీ తగ్గించి చూపిస్తుంది. కాబట్టి కింది ఇంటి మంచం అదురుతున్నా అంకె చిన్నగానే ఉంటుంది. యాప్‌లో 'సి' వెయిటింగ్ ఉంటే అది కొంత నయం. అసలైన మీటర్ మాత్రం కింది ఇంటి మంచమే.

మూడో_అంతస్తు

చాలా థాంక్స్ అండీ. డైనమిక్ ఈక్యూ ఆన్‌లోనే ఉంది, ఇప్పుడే ఆపాను. వాళ్లని అడిగి, ఒకసారి అక్కడ నిలబడి, ఇక్కడ మా వాళ్లతో ఫోన్‌లో చెప్పి లెవెల్ పెట్టిస్తాను.

కంచరపాలెం_కుర్రోడు

పెద్దలకి ఇంకో ప్రశ్న. నా సబ్ నుంచి ఏ సినిమా లేకపోయినా సన్నగా హమ్ వస్తూనే ఉంటుంది. ఒక ఫ్రెండు ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే పోతుందన్నాడు. తీసేయనా?

ఎర్తింగ్_అన్న (గాజువాక)

వద్దు తమ్ముడూ, చచ్చినా ఆ పని చెయ్యకు. హమ్ పోతుందేమో గానీ లోపల ఏ వైరు తెగి బాడీకి తగిలినా 230 వోల్టులు నీ చేతికి వస్తాయి. ఇంట్లో పిల్లలు కూడా ముట్టుకునే వస్తువది. నేను వైరింగ్ పని చేస్తాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు సబ్ వెనక ఆర్‌సీఏ కేబుల్ పీకేయి. అప్పుడూ హమ్ వస్తుంటే సబ్ ఆంప్‌లోనే లోపం, సర్వీసుకి ఇవ్వు. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్. కేబుల్ మళ్లీ పెట్టి, ఈసారి సెట్‌టాప్ బాక్సుకి వచ్చే కోయాక్స్ వైరు ఊడదీసి చూడు. నేను చూసిన ఇళ్లలో చాలావాటికి అక్కడే ఆగింది. బయటి నుంచి వచ్చే ఆ వైరు షీల్డు ఒక ఎర్త్, ఇంటి ప్లగ్ ఇంకో ఎర్త్, రెండిటి మధ్యా తేడా సబ్ దాకా వచ్చి హమ్ అవుతుంది. కోయాక్స్‌కి ఐసొలేటర్ (రెండు ఎర్త్‌లూ కలవకుండా ఆపేది) దొరుకుతుంది, మధ్యలో పెడితే సరి. టీవీ, రిసీవర్, సబ్ మూడూ ఒకే బోర్డు నుంచి తీసుకో. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీదే బుర్రుమంటే అది వేరే సంగతి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో అలాగే ఉంటుంది.

అవన్నీ చూశాక కూడా పోకపోతే బోర్డులో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ కొలిపించు. 2, 3 వోల్టుల లోపు ఉండాలి. ఎక్కువుంటే అపార్ట్‌మెంట్ ఎర్త్ పిట్ చూడాలి. మన ఊళ్లో ఉప్పు గాలికి ఎర్త్ రాడ్ మీద క్లాంపులు తినేస్తుంటాయి, సముద్రానికి దగ్గరున్న బిల్డింగుల్లో మరీ. ఆర్‌సీఏ పిన్నుల మీద కూడా ఆకుపచ్చగా పూస్తుంది. అప్పుడప్పుడు ఊడదీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, తిప్పి బిగించు. తుపాను హెచ్చరిక వస్తే స్విచ్ కట్టేయడం కాదు, ప్లగ్ పీకేయి, కోయాక్స్ కూడా పీకేయి. హుద్‌హుద్ అప్పుడు 2014 అక్టోబరులో కరెంటు తిరిగి వచ్చాక లోవోల్టేజ్, హైవోల్టేజ్ రెండూ చూశాం.

కంచరపాలెం_కుర్రోడు

కోయాక్స్ పీకగానే ఆగిపోయింది అన్నా! ఐసొలేటర్ కోసం డాబా గార్డెన్స్ వైపు వెళ్తాను.

వాల్తేరు_వీక్షకుడు

చెప్పినవన్నీ చేశాను. సోఫా 2 అడుగులు వెనక్కి జరిగింది. సబ్‌ని సోఫాలో పెట్టి మోకాళ్ల మీద తిరిగితే ఎడమ గోడ దగ్గర, టీవీ గోడకి 4 అడుగుల చుట్టుపక్కలే నోట్లు అన్నిటికన్నా విడివిడిగా వినిపించాయి, మైకూ_గ్రాఫూ గారి ఊహ నిజమైంది. టీవీ యూనిట్ పక్కన గుంయ్‌మన్న 70 హెర్ట్జ్ నోటు అక్కడ మామూలుగా ఉంది.

సబ్ నాబ్ దించి, లో-పాస్ ఎత్తేసి, ఆడిస్సీ మైకుని స్టాండ్‌కి బిగించి మళ్లీ రన్ చేశాను. లెవెల్ మైనస్ 4 వచ్చింది. ఫ్రంట్స్‌ని మళ్లీ లార్జ్ అనే పెట్టింది, నేనే స్మాల్, 80 చేశాను. ఇప్పుడు యూట్యూబ్ పాటకి కూడా సబ్ మేలుకునే ఉంటోంది. నిన్న మా ఆవిడ సోఫాలో కూర్చుని పాత పాటలు విని, డోలు ఇప్పుడు డోలులా ఉందంది. వంటింటి గుమ్మం దగ్గర అదురు తగ్గింది.

ఒక్కటి మిగిలింది. మధ్యలో కూర్చున్న నాకు బాగుంది. సోఫా ఎడమ చివర కూర్చునే మా అబ్బాయికి ఒక చోట బాస్ మరీ ఎక్కువ. ఒక ఫ్రెండు దగ్గర యూమిక్-1 మైకు తెచ్చి, ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్‌లో కొలిచాను. ఆ చివర 50 దగ్గర పెద్ద మిట్ట ఉంది, మధ్య సీటులో లేదు.

మైకూ_గ్రాఫూ

చాలా శ్రద్ధగా చేశారు, సంతోషంగా ఉంది. ఆ 50 మీ హాలు వెడల్పుది, ముందు లెక్కలో వచ్చిన 51. సబ్ పక్క గోడకి ఉంది కాబట్టి ఆ ప్రతిధ్వనిని గట్టిగా లేపుతోంది. మీరు వెడల్పుకి మధ్యలో కూర్చున్నారు, మీకు తెలియదు. అబ్బాయి గోడవైపు ఉన్నాడు, అతనికి తెలుస్తుంది. ఈక్యూతో అతనికి కోస్తే మీకు తగ్గిపోతుంది.

దీనికి సరైన మందు అదే సబ్ ఇంకోటి, ఎదురు గోడకి, సరిగ్గా దీనికి ఎదురుగా. రెండూ కలిసి మోగితే వెడల్పు దిక్కున వచ్చే ఆ ప్రతిధ్వని రద్దవుతుంది. హర్మన్ సంస్థలో టాడ్ వెల్టీ 2002లో దీని మీద పరిశోధన పత్రం ఇచ్చాడు. దీర్ఘచతురస్రం గదుల్లో ఎదురెదురు గోడల మధ్యలో రెండు సబ్‌లు పెడితే సీటుకీ సీటుకీ తేడా బాగా తగ్గుతుందని అందులో చూపించాడు. ఎన్ని డబ్బులున్నా ఒక పెద్ద సబ్ ఆ పని చెయ్యలేదు. మొదట్లో 15 అంగుళాలది కొనకుండా ఆగారు కదా, ఆ డబ్బు ఎప్పుడైనా దీనికి పెట్టుకోవచ్చు. తొందరేమీ లేదు. ఈలోగా అబ్బాయి సీటుని గోడకి ఒకటిన్నర అడుగు దూరం జరపండి, కొంత తగ్గుతుంది.

సౌండ్_మేస్త్రి

ఇంకో పని మిగిలింది, షోకేసు. 20 నుంచి 80 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే స్వీప్ టోన్ వేసి, వాల్యూమ్ మధ్యస్తంగా ఉంచి ఇల్లంతా తిరగండి. షోకేసు అద్దాలు, ఫాల్స్ సీలింగ్ లైట్ల రింగులు, ఏసీ గ్రిల్, బాల్కనీ స్లైడింగ్ తలుపు, బీరువా మీది సూట్‌కేసు, ఏది గిలగిలలాడుతుందో దానికి ఫెల్ట్ ముక్కో రబ్బరు బుడిపో అంటించండి. చాలా ఇళ్లలో సబ్ గరగరలాడుతోందని నన్ను పిలుస్తారు, చూస్తే దేవుడి పటం గోడకి కొట్టుకుంటూ ఉంటుంది. స్వీప్‌ని మరీ గట్టిగా వేయొద్దు, ఒకే టోన్ ఎక్కువసేపు వెళ్తే వాయిస్ కాయిల్ వేడెక్కుతుంది.

మూడో_అంతస్తు

మాది కూడా ఒక చిక్కు తేలింది. టీవీలోని ఓటీటీ యాప్‌లో 5.1 అని రాసి ఉన్న సినిమా పెట్టినా రిసీవర్ మీద స్టీరియో అనే వస్తోంది. అంటే ఎల్‌ఎఫ్‌ఈ మాకు అసలు రావడం లేదా?

సౌండ్_మేస్త్రి

రావడం లేదు మేడం. టీవీ దాన్ని స్టీరియో పీసీఎంగా (రెండు చానెళ్ల మామూలు డిజిటల్ ఆడియోగా) మార్చి పంపిస్తోంది. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ 'పీసీఎం' అని ఉంటుంది, దాన్ని 'ఆటో' గానీ 'పాస్‌త్రూ' గానీ 'బిట్‌స్ట్రీమ్' గానీ చేయండి, టీవీని బట్టి పేరు మారుతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీకి ఏఆర్‌సీ (టీవీ నుంచి రిసీవర్‌కి శబ్దం పంపే దారి) అని రాసి ఉన్న పోర్టులోనే ఉండాలి, రిసీవర్ వైపు మానిటర్ అవుట్‌లో ఉండాలి. రెండిటిలోనూ సీఈసీ (హెచ్‌డీఎంఐ మీద ఒకదాన్నొకటి నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి. తర్వాత సినిమాలో భాష మెనూ తెరవండి, ఒకే సినిమాకి తెలుగు ట్రాక్ స్టీరియోలోనూ ఇంకో భాష 5.1లోనూ ఉండటం మామూలే. సెట్‌టాప్ బాక్సుకి దాని సొంత ఆడియో మెనూ ఉంటుంది, అక్కడ కూడా డాల్బీ ఎంచుకోవాలి. ఇవన్నీ అయ్యాక రిసీవర్ డిస్‌ప్లే మీద డాల్బీ డిజిటల్ ప్లస్ అని రావాలి. అది వచ్చాక రాత్రికి మీరు దించిన సబ్ లెవెల్‌ని ఇంకోసారి సరిచూసుకోండి, ఎల్‌ఎఫ్‌ఈ మొదలయ్యేసరికి కిందివాళ్లకి మళ్లీ పెరుగుతుంది.